ముందు చక్రాల యాక్సిల్: ఉక్కు, గ్రీజు, మొరం దుమ్ము

ముందు చక్రాలతో నడిచే కారులో గేర్‌బాక్స్ నుంచి చక్రానికి శక్తిని చేరవేసే ఉక్కు కడ్డీని ఇంజనీరింగ్ గ్రంథాలు డ్రైవ్ షాఫ్ట్ అంటాయి; హైదరాబాద్ నగరపు ఉప్పల్, నాచారం మెకానిక్ షెడ్లలో దానికి యాక్సిల్ అనే పేరే స్థిరపడింది. ఎడ్లబండి ఇరుసు బరువును మోస్తుంది గానీ చక్రాన్ని తిప్పదు. ఈ యాక్సిల్ చక్రాన్ని తిప్పుతుంది గానీ బండి బరువును మోయదు. దాని పని అంతటితో ముగియదు. గేర్‌బాక్స్ కారు చట్రానికి బిగించి ఉంటుంది కాబట్టి ఉన్నచోటే ఉంటుంది. చక్రం మాత్రం స్టీరింగ్ తిప్పితే పక్కకు మళ్లుతుంది, గుంతలో కిందికి జారుతుంది, స్పీడ్ బ్రేకర్ మీద పైకి లేస్తుంది. ఈ రెండింటినీ కలిపే కడ్డీ తిరుగుతూనే వంగాలి, వంగుతూనే పొడవు పెరిగి తరగాలి, ఇవన్నీ చేస్తూ కూడా చక్రానికి అందించే వేగంలో తేడా రానివ్వకూడదు. ఆ సమస్యను యంత్రశాస్త్రం ఎలా పరిష్కరించిందో తెలిస్తే, పాత కారు యాక్సిల్‌ను ఇంటి దగ్గర మార్చుకునే పనిలో ప్రతి మెట్టుకూ కారణం దానంతటదే బోధపడుతుంది.

తెలుగు నేల మీద సామాన్య కుటుంబాలకు ఈ నిర్మాణాన్ని పరిచయం చేసిన కారు మారుతీ 800. అంతకు ముందు రోడ్ల మీద కనిపించిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండింటిలోనూ ఇంజన్ ముందుండి, పొడవాటి కడ్డీ ద్వారా వెనుక చక్రాలను తిప్పేది. ముందు చక్రాలకు బండిని నడిపే పని ఉండేది కాదు. 1983 డిసెంబరు 14న మొదటి కారు కొనుగోలుదారు చేతికి అందిన మారుతీ 800లో 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్‌ను అడ్డంగా అమర్చి, దాని పక్కనే గేర్‌బాక్స్‌ను పెట్టి, అక్కడి నుంచి రెండు పొట్టి యాక్సిళ్లతో ముందు చక్రాలను తిప్పారు. 1984లో వచ్చిన ఆమ్నీ వ్యాన్ అదే సంస్థదే అయినా వెనుక చక్రాలతోనే నడిచింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్–4 ప్రమాణాలు అమలైనప్పుడు ఆ నగరాల్లో 800 అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీయే నిలిచిపోయింది. అయినా ఆ కారూ, దాని తరువాత వచ్చిన జెన్, ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంట్రో వంటివీ నగరం తూర్పు కొసన ఉన్న కాలనీల్లో నేటికీ తిరుగుతున్నాయి. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్‌ను పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది గనుక, ఇలాంటి బండి యజమానికి యాక్సిల్ ఆరోగ్యం తప్పనిసరిగా పట్టించుకోవలసిన విషయమే.

వంగే కడ్డీతో శక్తిని పంపే ఉపాయం పాతదే. ఇటలీకి చెందిన కార్డానో పేరుతోనూ, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతోనూ ప్రసిద్ధమైన కీలులో రెండు కడ్డీల చివరి పంగలను కూడిక గుర్తు ఆకారంలోని దిమ్మె కలుపుతుంది. లారీల కింద పొడవాటి కడ్డీకి రెండు చివరలా కనిపించేది అదే. దానిలో ఒక లోపం ఉంది. కీలు వంగి ఉన్నప్పుడు లోపలి కడ్డీ ఒకే వేగంతో తిరిగినా, బయటి కడ్డీ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. 30 డిగ్రీల వంపులో ఈ హెచ్చుతగ్గు ఎంతో లెక్కించడానికి ఆ కోణపు కొసైన్ విలువ, అంటే సుమారు 0.866, చాలు: గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తిరగవలసిన చక్రం ఒక క్షణం 17.3 వేగంతో, మరుక్షణం 23.1 వేగంతో తిరగాలని చూస్తుంది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మెట్రో స్తంభాల మధ్య యూటర్న్ తీసుకునే చిన్న కారు చక్రం ఆ వేగంలో సెకనుకు మూడున్నర చుట్లు తిరుగుతుంది కాబట్టి, సెకనుకు ఏడు కుదుపులు నేరుగా స్టీరింగ్‌కు, టైరుకు, గేరు పళ్లకు తగులుతాయి. వెనుక చక్రాల బండ్లలో రెండు కీళ్లను ఎదురెదురుగా అమర్చి ఒకదాని దోషాన్ని మరొకదానితో సరిచేస్తారు. ముందు చక్రం దగ్గర వంపంతా ఒకే చోట, పెద్ద కోణంలో వస్తుంది గనుక ఆ ఉపాయం అక్కడ చెల్లదు.

ఈ చిక్కును విప్పడానికి 1920లలో పలువురు ప్రయత్నించారు. ఫ్రాన్స్‌లో గ్రెగ్వార్, ఫెనై అనే ఇద్దరు ట్రాక్టా అనే కీలును రూపొందించారు. అదే దశాబ్దం చివర ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ రెప్పా, గుండ్లతో పనిచేసే మరో కీలుకు పేటెంటు పొందాడు. ఈనాటి కార్లలో చక్రం వైపు ఉండేది రెప్పా ఊహించిన నిర్మాణానికి వారసురాలే. ఒక గిన్నె లాంటి బయటి భాగం లోపలి గోడ మీద ఆరు గాడులు, దాని లోపల ఇమిడే గుండ్రటి దిమ్మె మీద ఆరు గాడులు, ఎదురెదురు గాడుల జతకు ఒకటి చొప్పున ఆరు ఉక్కు గుండ్లు, ఆ గుండ్లన్నిటినీ ఒకే తలంలో నిలిపి ఉంచే కేజ్ అనే చిల్లుల వలయం: కీలు మొత్తం ఇంతే. దాని గొప్పతనం జ్యామితిలో ఉంది. కడ్డీలు రెండూ ఏ కోణంలో ఉన్నా, గుండ్లు ఉన్న తలం ఆ కోణాన్ని సరిగ్గా సమద్విఖండన చేస్తుంది. ప్రతి గుండూ రెండు కడ్డీల అక్షాల నుంచీ సమాన దూరంలో ఉంటుంది కాబట్టి, ఒకవైపు ఎంత వేగమో రెండో వైపూ అంతే వేగం వస్తుంది. అందుకే దీనికి సమవేగ కీలు అనీ, వాడుకలో సీవీ జాయింట్ అనీ పేరు. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారులో ఈ కీలు చేరాక, అడ్డంగా పెట్టిన ఇంజన్‌తో ముందు చక్రాలను తిప్పే చిన్న కారు ప్రపంచమంతటా వ్యాపించింది. మారుతీ 800 ఆ వంశానిదే.

గేర్‌బాక్స్ వైపు కీలు వేరు. అక్కడ వంపు తక్కువ గానీ, చక్రం పైకీ కిందికీ ఊగుతుంటే కడ్డీ పొడవులో వచ్చే తేడాను సర్దుకోవాలి. చాలా కార్లలో అక్కడ ట్రైపాడ్ అనే మూడు చేతుల దిమ్మె ఉంటుంది. ఒక్కో చేతికి సూది బేరింగు మీద తిరిగే ఒక చిన్న రోలర్ ఉండి, ఆ మూడూ గిన్నెలోని మూడు గాడుల్లో ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి.

ఈ కీళ్ల మీద పడే భారం చిన్నది కాదు. మారుతీ 800 ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 59 న్యూటన్ మీటర్లు. మొదటి గేరులో అది గేర్‌బాక్స్ గుండా వచ్చేసరికి పదిహేను రెట్లకు పైగా పెరిగి, రెండు యాక్సిళ్లకూ సమంగా పంచుకున్నాక ఒక్కోదానికి దాదాపు 450 న్యూటన్ మీటర్లు అవుతుంది. ఆ బలమంతా గుండుకూ గాడికీ మధ్య చుక్కంత స్పర్శలో నుంచే ప్రవహించాలి. అందుకే గుండ్లను సుమారు ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం కలిసిన బేరింగు ఉక్కుతో చేసి, వేడి ప్రక్రియతో గట్టిపరచి, మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయి కచ్చితత్వంతో నునుపు చేస్తారు. ఈ విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు: నాచారానికి దగ్గరి మౌలాలీలో ప్రభుత్వ రంగంలోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ కర్మాగారం ఉండేది; 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దాని మూసివేతకు ఆమోదం తెలిపింది. ఆ నైపుణ్యం నేర్చిన చేతులున్న చోట అలాంటి కర్మాగారం లేకుండా పోవడం తీరని లోటు.

అంత గట్టి ఉక్కు ఎందుకు పాడవుతుంది? సాధారణంగా కడ్డీ విరగదు, గుండ్లూ తమంతట తాము అరిగిపోవు. ముందుగా ఓడిపోయేది వాటిని కప్పి ఉంచే రబ్బరు బూటు. బూటు అంటే కీలు చుట్టూ ముడతలు ముడతలుగా ఉండే తొడుగు. లోపలి గ్రీజును బయటికి పోనివ్వదు, బయటి దుమ్మును లోపలికి రానివ్వదు. లిథియం సబ్బుతో చిక్కబరచిన నూనెలో మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి పొడి కలిపి ఈ గ్రీజు చేస్తారు. ఆ పొడి అణువులు పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి జారుతాయి కాబట్టి, నూనె పొర నలిగిపోయిన చోట కూడా లోహం లోహాన్ని నేరుగా రాసుకోదు.

బూటు పడే శ్రమను లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 12 అంగుళాల రిమ్ముకు 145/70 కొలత టైరు తొడిగిన మారుతీ 800 చక్రం ఒక కిలోమీటరుకు సుమారు 630 చుట్లు తిరుగుతుంది. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగే కారులో అవి 63 లక్షల చుట్లు. నేరుగా పోతున్నప్పుడు కూడా కడ్డీ కొద్దిగా వాలుగానే ఉంటుంది గనుక, ప్రతి చుట్టుకూ ప్రతి ముడత ఒకసారి నొక్కుకుని ఒకసారి సాగుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఇంజన్ వేడి రబ్బరును పెళుసు చేస్తాయి. బలమైన ఎండలో వాహనాల పొగ నుంచి పుట్టే ఓజోన్ వాయువు, సాగి ఉన్న రబ్బరు అణువుల గొలుసులను తెంచుతుంది. అందుకే పగుళ్లు ఎప్పుడూ ముడతల లోయల్లో మొదలవుతాయి, పైపైన చూసేవారికి కనబడవు. పగులు తెరుచుకున్నాక తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్మి, రిమ్ము లోపలి వైపు నల్లటి చారలుగా అంటుకుంటుంది. ఆ చారలే మొదటి హెచ్చరిక.

తరువాతి కథను ఉప్పల్ నేలే చెబుతుంది. హైదరాబాద్ నిలిచి ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. మౌలాలీ గుట్ట ఆ రాతి ముద్దే. ఈ శిలల వంటి వాటిని అధ్యయనం చేసే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఇదే ఉప్పల్ దారిలో ఉంది, ఒక మెట్రో స్టేషన్‌కు దాని పేరే పెట్టారు. గ్రానైట్‌లో ప్రధానంగా ఉండేవి ఫెల్‌స్పార్, పలుగురాయి, అభ్రకం. ఎండకూ వానకూ లక్షల ఏళ్లు గురైన గ్రానైట్‌లో ఫెల్‌స్పార్ మెత్తబడి బంకమట్టిగా మారుతుంది; పలుగురాయి మాత్రం రసాయనికంగా చెక్కుచెదరక ఇసుక రేణువులుగా మిగులుతుంది. ఈ మిశ్రమమే మొరం. పునాదులు తవ్వినా, రోడ్డు పక్క భర్తీ చేసినా, 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఎత్తైన వంతెన పనుల కింద వాహనాలు నడిచినా పైకి లేచే దుమ్ములో ఆ రేణువులుంటాయి. కాఠిన్యాన్ని కొలిచే వికర్స్ పద్ధతిలో బాగా గట్టిపరచిన బేరింగు ఉక్కు విలువ 700 ప్రాంతంలో ఉంటే, పలుగురాయి విలువ 1,100 దాటుతుంది. అంటే రోడ్డు మీది దుమ్ము, కారులోకెల్లా గట్టి ఉక్కు కంటే గట్టిది. అది గ్రీజులో కలిసిన క్షణం నుంచి ఆ గ్రీజు ఉక్కును అరగదీసే ముద్దగా మారుతుంది. వానాకాలంలో నీరు కూడా తోడైతే తుప్పు ఆ పనికి వేగం పెంచుతుంది. ఈ నేలకు ఇంత దగ్గరగా తిరిగే బండికి బూటును మించిన ముఖ్య భాగం లేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

అరిగిన గాడిలో గుండు వదులై ఒక గోడ నుంచి మరో గోడకు తగులుతుంది. వంపు ఎక్కువైనప్పుడే ఆ కదలిక పెరుగుతుంది గనుక, స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి మెల్లగా వలయం చుట్టినప్పుడు చక్రం వేగానికి తగ్గట్టు టకటక మనే చప్పుడు వస్తే బయటి కీలు చెడిందని అర్థం. నేరుగా పోతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కారు వణికి, వదిలితే వణుకు ఆగితే లోపలి కీలును అనుమానించాలి. మలుపుతో నిమిత్తం లేకుండా వేగంతో పాటు పెరిగే హోరు మాత్రం చాలావరకు చక్రపు బేరింగుది, యాక్సిల్ మార్చినా అది పోదు. బూటు చిరిగి కొద్ది రోజులే అయి, చప్పుడు ఇంకా రాకుంటే కీలును కడిగి కొత్త గ్రీజు నింపి బూటు ఒక్కటే మార్చితే చాలు. చప్పుడు మొదలయ్యాక గ్రీజుతో లాభం లేదు, పోయిన లోహం తిరిగి రాదు.

కొత్త యాక్సిల్‌ను కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి పొడవు, రెండు చివరల గాడి పళ్ల సంఖ్య, యాంటీ లాక్ బ్రేకులున్న కారైతే సెన్సారు చదివే పళ్ల వలయం సరిపోల్చుకోవాలి. గేర్‌బాక్స్ కారు మధ్యలో కాక ఒక పక్కకు ఉంటుంది కాబట్టి కుడి, ఎడమ యాక్సిళ్ల పొడవు ఒకటి కాదు. అతి చవకగా దొరికే నకిలీ భాగాల్లో గాడుల పైపొర తగినంత గట్టిపడి ఉండదు. కంటికి తేడా కనబడదు గనుక బిల్లు ఇచ్చే దుకాణంలో, పేరున్న తయారీదారు సరుకు తీసుకోవడమే ఉత్తమం.

ఇంటి దగ్గర ఈ పని చేయడానికి మొదట కావలసింది చదునైన గట్టి నేల. హబ్సిగూడ, రామంతాపూర్, నాచారం అపార్టుమెంట్లలో స్తంభాల మధ్య వదిలే పార్కింగు స్థలం ఇందుకు సరిపోతుంది. గేటు బయటి వాలు రోడ్డు సరిపోదు. కారును జాకీ మీద ఎత్తి ఉంచి కింద చేయి పెట్టడం ప్రాణాపాయం. చట్రంలో కంపెనీ సూచించిన చోట ఉక్కు స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీద దించాకే పని మొదలు పెట్టాలి. స్టాండ్లకు బదులు ఇటుకలు పేర్చే అలవాటు చాలా చోట్ల కనిపిస్తుంది. ఇటుక ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పిండవుతుంది. ఈ విషయంలో రాజీకి తావు లేదు. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టడం, ఇంకొకరు దగ్గరలో ఉండడం అంతే అవసరం.

చక్రం మధ్యలో ఉండే హబ్బు నట్టు అనే పెద్ద నట్టును కారు నేల మీద ఉన్నప్పుడే, బ్రేకు నొక్కి పట్టించి కొద్దిగా వదులు చేయాలి. దానికి స్ప్లిట్ పిన్ ఉంటే ముందు అది తీయాలి. అంచును లోపలికి నొక్కి బిగించిన రకమైతే ఆ నొక్కును ఉలితో పైకి లేపాలి. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన నట్టు మామూలు పానాకు లొంగదు, అక్కడ తులాదండ సూత్రం సాయపడుతుంది: ముప్పావు మీటరు పైపును పానా పిడికి తొడిగి 60 కిలోల మనిషి బరువు మోపితే 440 న్యూటన్ మీటర్ల బలం వస్తుంది. తుప్పు వదిలించే నూనె ముందు రోజు రాత్రే వేసి ఉంచితే అంత బలం అవసరం రాకపోవచ్చు.

తరువాత కారు ఎత్తి, చక్రం తీసి, గేర్ ఆయిల్‌ను పళ్లెంలోకి దించాలి. దించకుండా యాక్సిల్ లాగితే ఆ రంధ్రం గుండా నూనె నేల మీద పడుతుంది. చక్రపు బేరింగును మోసే నకిల్ అనే పోత భాగం కింద, లోయర్ ఆర్మ్ చివర బాల్ జాయింట్ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే బోల్టు తీసి ఆర్మ్‌ను కిందికి దించితే నకిల్ బయటికి ఊగుతుంది, యాక్సిల్ చివర చక్రాన్ని మోసే హబ్బులోంచి వెనక్కి జారుతుంది. జారకుంటే సుత్తితో నేరుగా మరల మీద కొట్టకూడదు. పుల్లర్ వాడాలి, లేదా పాత నట్టును మర చివరి దాకా తిప్పి, చెక్క ముక్క అడ్డం పెట్టి తట్టాలి. బ్రేకు గొట్టం లాగబడకుండా చూసుకోవాలి. లోపలి చివరను గేర్‌బాక్స్‌లో సర్క్లిప్ అనే తీగ చుట్టు పట్టి ఉంచుతుంది. కీలు గిన్నెకూ గేర్‌బాక్స్ గోడకూ మధ్య చదునైన కడ్డీ దూర్చి కొద్దిగా నెడితే అది పట్టు వదులుతుంది. కడ్డీని పట్టుకుని లాగితే గేర్‌బాక్స్‌లోంచి రావడానికి బదులు ట్రైపాడ్ తన గిన్నెలోంచి ఊడి వస్తుంది. అక్కడే ఉన్న ఆయిల్ సీల్ పెదవికి గీత పడితే కొత్త యాక్సిల్ వేసినా నూనె కారుతుంది కాబట్టి, తక్కువ ఖర్చుతో దొరికే ఆ సీల్‌ను అప్పుడే మార్చేయడం తెలివైన పని.

కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు సీల్ పెదవికి నూనె రాసి, పళ్లు కలిసేలా కొద్దిగా తిప్పుతూ, సర్క్లిప్ తన గాడిలో పడే దాకా లోపలికి నెట్టాలి. తరువాత గిన్నెను పట్టి లాగితే రాకూడదు. బయటి చివరను హబ్బులోకి ఎక్కించి, బాల్ జాయింట్ బోల్టును తిరిగి బిగించాలి. హబ్బు నట్టు మాత్రం ప్రతిసారీ కొత్తదే వాడాలి. ఆ నట్టు యాక్సిల్‌ను పట్టి ఉంచడంతో పాటు బేరింగు లోపలి వలయాలను ఒకదానికొకటి నొక్కి ఉంచుతుంది. బిగువు చాలకపోతే బేరింగు కొద్ది కిలోమీటర్లలోనే చెడుతుంది. నట్టు బిగించకుండా కారును చక్రాల మీద ఒక్క అడుగు కూడా నెట్టకూడదు. ఆ బిగువు ఎంతో కారు మాన్యువల్ చెబుతుంది, చిన్న కార్లలో అది 150 నుంచి 200 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. టార్క్ రెంచి అద్దెకు దొరికితే సరే. దొరకని పక్షంలో అర మీటరు పిడి చివర, పిడికి లంబంగా, పాత పేపర్లు కొనేవారి దగ్గరుండే స్ప్రింగు కాటాను తగిలించి 35 కిలోలు చూపేదాకా లాగితే సుమారు 172 న్యూటన్ మీటర్లు వస్తుంది. చేతి అంచనా కంటే ఈ లెక్క ఎంతో నయం.

గేర్ ఆయిల్‌ను మాన్యువల్ చెప్పిన రకంలో, చెప్పిన మట్టం దాకా నింపాలి. దించిన పాత నూనెను మురికి కాలువలో పారబోయడం ఈ ప్రాంతంలో ముఖ్యంగా తప్పు. ఉప్పల్ నల్లచెరువుకైనా, నాగోలు పక్క మూసీకైనా అది చేరడానికి ఎంతో దూరం లేదు. డబ్బాలో పట్టి పాత నూనె కొనేవారికి ఇవ్వాలి. బండిని ఖాళీ మైదానంలో రెండు వైపులా పూర్తి మలుపులో తిప్పి చప్పుడు లేదని తేల్చుకున్నాక, కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి సీల్ దగ్గర తడి, బూటు క్లిప్పుల బిగువు చూడాలి. ఆ తరువాత ప్రతి ఏడాదీ వానలు మొదలయ్యే ముందు, స్టీరింగ్‌ను ఒక కొసకు తిప్పి, బూటు ముడతల మధ్య లోయలను టార్చిలైటుతో పరికించడానికి ఐదు నిమిషాలు చాలు.